నిద్రమందుల పేర్లు: కాటేదాను ప్రాంతమునుండి ఒక పరిశీలనము

నిద్రను గూర్చి వ్రాయుట వైద్యుల పని గదా, భాషాశాఖవారి కిందు ప్రసక్తి యేమి యని చదువరులు సందేహింపవచ్చును. మూలిక రోగిని చేరుటకు ముందు దాని పేరు చేరును. పేరొకటియు వస్తు వొకటియు నైనచో నష్టపడువాడు రోగి. ఆ నష్టమునకు మూలము మాత్రము పదమునందే యుండును. నిద్రపట్టని వారికై మన దేశమున వాడుకలో నున్న ద్రవ్యముల పేర్లను కొంతకాలముగా మేము సేకరించుచున్నాము. ఆ పేర్లలో ఎన్ని స్పష్టములో, ఎన్ని సందిగ్ధములో, ఎన్ని అపాయకరములో తెలుపుటయే ఈ వ్యాసమున మా యుద్దేశము.

ఈ పనికి మేము కాటేదానును ఎన్నుకొనుటకు కారణము కలదు. ఆరాంఘర్ కూడలికి సమీపమున, మైలార్‌దేవ్‌పల్లి నంటియున్న ఈ పారిశ్రామికవాడలో ప్లాస్టికు, ఉక్కు, నూనె, తినుబండారములు మొదలగువాని కర్మాగారములు రాత్రింబవళ్లు నడచును. అచ్చట పనిచేయువారిలో పాలమూరు పల్లెలనుండి వచ్చినవారు కలరు; బిహారు, ఒడిశా, ఉత్తరప్రదేశములనుండి వచ్చినవారును కలరు. 2008 మార్చిలో శంషాబాదు విమానాశ్రయము తెరువబడిన పిమ్మట రాత్రి కొలువులు ఈ వైపున మరింత పెరిగినవి. సామానులు దింపువారు, కార్లు నడుపువారు, ఊడ్చి తుడుచువారు, కావలివారు తెల్లవారుజామున ఇల్లు చేరి, సూర్యుడు రేకుల పైకప్పును కాల్చుచుండగా కన్ను మూయ యత్నింతురు. నిద్రకై మందు అడుగువారు ఇందరున్న చోట మందుల పేర్లు నాలుగు భాషలలో వినబడుటలో వింత లేదు.

మొదట నిద్ర యను మాటను గూర్చి కొంత చెప్పవలెను. తెలుగున నిద్ర ‘పట్టును’, నిద్ర ‘వచ్చును’. మనుష్యుడు దానిని చేయడు. ‘నాకు నిద్ర పట్టలేదు’ అను వాక్యమున కర్త నిద్రయే. నిద్రింపవలసినవాడు చతుర్థీవిభక్తిలో నొదిగి వేచియుండును. కునుకు, తూగు, జోగు, మాగన్ను, కలతనిద్ర, కోడికునుకు, మొద్దునిద్ర అని నిద్రయొక్క పాళ్లను వేరువేరుగా చెప్పుటకు మనకు మాటలు సమృద్ధిగా నున్నవి. వీనిలో వేనికిని చెందక ‘మత్తు’ అను మాట వేరుగా నిలిచియున్నది. మత్తు ఎక్కును, దిగును. నిద్రవలె పట్టదు, తీరదు. ‘నిద్ర తీరినది’ అందుము గాని ‘మత్తు తీరినది’ అనుట అరుదు. మత్తు దిగును, వదలును. ఎక్కునది దిగవలెను; పట్టునది తనివి తీర్చవలెను. ఈ భేదమును పామరజనులు ఎన్నడును మరువలేదు. మరచినది అంగడి. ‘ఆకలి రుచి యెరుగదు, నిద్ర సుఖ మెరుగదు’ అను సామెతలో మందు ప్రసక్తి లేకుండుట గమనింపదగినది. అలసినవానికి రాతిబండయు పరుపే యని దాని భావము. అలసియు నిద్ర రానివానిని గూర్చి సామెత యేమియు చెప్పలేదు. కాటేదానున మేము కలిసికొనినవారిలో పెక్కురు అట్టివారే.

ఇట్టివారిని గూర్చి మన ప్రాచీనవైద్యులు ఆలోచింపకపోలేదు. చరకుడు సూత్రస్థానమున ఇరువదియొకటవ యధ్యాయమున నిద్రను దాని హేతువులనుబట్టి విభజించెను. తమస్సు వలన కలుగునది, శ్లేష్మము వలన కలుగునది, మనశ్శరీరముల శ్రమ వలన కలుగునది, రోగము ననుసరించి వచ్చునది మొదలగువానిని వేరుచేసి, రాత్రి స్వభావము వలన కలుగు నిద్రను మాత్రము ప్రాణులను పోషించు దాదిగా ప్రశంసించెను. శ్రమ వలన వచ్చు నిద్రయు రాత్రి వలన వచ్చు నిద్రయు ఒకటి కావని గుర్తించుట సామాన్యమైన విషయము కాదు. శరీరమున ఒక కాలగణనయంత్రము కలదనియు, చీకటి పడినపుడు మెదడులోని పీనియల్ గ్రంథి మెలటోనిన్ అను ద్రవ్యమును స్రవించుననియు నేడు మనకు తెలియును. యేల్ విశ్వవిద్యాలయమున ఆరన్ లెర్నర్ ఆ ద్రవ్యమును వేరుచేసినది 1958లో. జీవకణములందలి కాలగణనవ్యవస్థను విశదీకరించిన ముగ్గురు శాస్త్రజ్ఞులకు నోబెల్ బహుమానము లభించినది 2017లో. రాత్రికొలువు చేయువానికి శ్రమజనితమైన నిద్ర కావలసినంత యుండును. రాత్రిజనితమైనది మాత్రము ఉదయమునకు అతనిని విడిచిపోవును. కావుననే అతడు రెండుమూడు గంటలకే మేల్కొని గోడవైపు చూచుచుండును.

అట్టివానికి వాగ్భటుడు అష్టాంగహృదయమున చెప్పిన నియమము మా దృష్టిలో మిక్కిలి విలువైనది. అలవాటు లేని జాగరణము చేసినవాడు, మేల్కొనిన కాలములో సగము, ఉదయమున భుజింపక పూర్వమే నిద్రింపవలెనని దాని తాత్పర్యము. కర్మాగారమునుండి వచ్చినవెంటనే కడుపునిండ తిని, రెండు కప్పుల తేనీరు త్రాగి, పిదప పడుకొనువానికి ఇంతకంటె సూటియైన ఉపదేశము దొరకదు. తేనీటిలోని కెఫీనులో సగము శరీరమును వీడుటకు సుమారు ఐదుగంటలు పట్టునని తెలిసిన నేటి వైద్యులును దాదాపు ఇదే చెప్పుదురు. గది చీకటిగా నుండవలెననుట మాత్రము వారు అదనముగా చేర్చుదురు. చరకుడు నిద్రపట్టనివారికి విధించినవి అభ్యంగనము, స్నానము, పెరుగుతో వరియన్నము, పాలు, నేయి, మాంసరసము, మద్యము, మనస్సునకు హితమైన గంధములు, శబ్దములు, ఒడలు పిసుకుట మొదలగునవి. మద్యము నొకదానిని విడిచినచో వీనిలో నిద్రను బలవంతముగా లాగుకొని వచ్చునది లేదు; వచ్చునట్లు చోటు సిద్ధపరచునవే యన్నియు. పట్టునది నిద్రయే యను మన వ్యాకరణమునకు ఇది ఎంతయు అనుగుణముగా నున్నది.

పాలను గూర్చి ఒక మాట. అదే సూత్రస్థానమున ఇరువదియైదవ యధ్యాయమున, ఏ పనికి ఏ ద్రవ్యము శ్రేష్ఠమో చెప్పు పట్టికలో, నిద్ర కలిగించువానిలో గేదెపాలు అగ్రస్థానము నందినవి. మన తెలుగునాట సామాన్యముగా త్రాగునవి గేదెపాలే. పాలలో ట్రిప్టోఫాన్ అను పదార్థ మున్నమాట నిజమే గాని గ్లాసెడు పాలలోనిది స్వల్పము; అంతమాత్రమున నిద్ర వచ్చునని రూఢిగా చెప్పజాలము. వెచ్చని పాలు త్రాగి దీపమార్పుట యను అలవాటే పనిచేయుచున్నదేమో. హాని లేదు గనుక వాదమును పెంచ నవసరము లేదు.

ఇక అంగడికి వత్తము. కాటేదాను సమీపమున మూలికలమ్ము ఒక చిన్న దుకాణమున మేము పెన్నేరుగడ్డ కలదా యని యడిగితిమి. ‘అది లేదు సార్, అస్గంధ్ ఉంది, తీస్కపోండ్రి’ అని దుకాణదారు సమాధానము. రెండును ఒకటే యని మేము చెప్పగా అతడు నవ్వి, ‘పేరు మారితే ధర మారుతదా సార్’ అనెను. ధర మారకపోవచ్చును, కాని పెన్నేరు అను తెలుగుమాట మా కన్నులయెదుటనే అంగడినుండి తొలగిపోవుచున్నది. సంస్కృతమున అశ్వగంధ, ఉర్దూ హిందీలలో అస్గంధ్, తమిళమున అముక్కిరా, కన్నడమున హిరేమద్దు. పెన్నేరు అనునది పెన్నానదికి పేరగుటచే కొందరు ఈ మూలికను ఆ నదీతీరముతో ముడిపెట్టుదురు. మాకు తోచినది వేరు. ‘పెను’, ‘వేరు’ అను రెండు మాటలు కలిసి అరిగి పెన్నేరైన దేమో యని మా యూహ. కన్నడమున హిరేమద్దనగా ‘పెద్దమందు’ అనియే యర్థమగుటచే ఈ యూహకు కొంత బలము కలుగుచున్నది. నిశ్చయముగా చెప్పుటకు ఇంకను ప్రాచీనప్రయోగములు వెదకవలసియున్నది.

పాశ్చాత్యశాస్త్రమున ఈ మొక్కకు వితానియా సోమ్నిఫెరా యని పేరు. రెండవ పదమునకు లాటినులో ‘నిద్ర తెచ్చునది’ యని యర్థము. 1753లో లిన్నేయసు ఫిసాలిస్ సోమ్నిఫెరా యని పిలువగా, 1852లో డ్యునాల్ వితానియా జాతిలో చేర్చెను. నిద్ర మాత్రము పేరున నిలిచినది. మన పేర్లలో వాసనయు (అశ్వగంధ), పరిమాణమును (పెద్దమందు) ఉండగా, నిద్రను పేరులో పెట్టినవాడు పరదేశి యగుట విశేషము. మన వైద్యమున ఇది ప్రధానముగా బలకరమైన రసాయనముగా ప్రసిద్ధము. ఇటీవల మనదేశమున జరిగిన చిన్నచిన్న పరీక్షలలో, దినమునకు 600 మిల్లీగ్రాముల వరకు వేరుసారమును కొన్ని వారములు తీసికొనినవారికి నిద్ర కొంత మెరుగుపడినట్లు కనబడినది. ఆ మెరుగుదల స్వల్పమే. మరొకవైపున, కాలేయమునకు హాని కలిగిన సందర్భములును వైద్యపత్రికలలో ప్రకటితమైనవి; డెన్మార్కు ప్రభుత్వము 2023లో దీనిని నిషేధించినది. గర్భిణులును, థైరాయిడు వ్యాధి గలవారును వైద్యుని యడుగక దీనిని తాకరాదు. డబ్బాపై ‘సహజము’ అను మాట పెద్దయక్షరములలో నుండును; ఈ హెచ్చరిక మాత్రము, ఉన్నచో, చదువుటకు భూతద్దము కావలెను.

పెన్నేరు విషయమున ఒక వస్తువునకు పెక్కు పేర్లు. ఇంతకంటె ప్రమాదకరమైనది ఒక పేరునకు రెండు వస్తువు లుండుట. పాతాళగరుడి యను పేరు ఇందులకు తగిన యుదాహరణము. తెలుగున సర్పగంధిని పాతాళగరుడి, పాతాళగరిడి యని వ్యవహరింతురు. సంస్కృతనిఘంటువులలో పాతాళగరుడి యనగా వేరొక తీగ. మనము దూసరితీగ యనియు, చీపురుతీగ యనియు చెప్పునది. దూసరియాకును నీటిలో నలిపి వడగట్టి కొంతసేపుంచినచో నీరు పచ్చని ముద్దగా పేరుకొనును. పల్లెలలో పిల్లలు దీనితో ఆడుకొందురు. దక్కనులో కంచెలపై ఈ తీగ విరివిగా కనబడును. సర్పగంధి అట్లు కాదు. అది తేమగల యడవులలో నీడన పెరుగు చిన్నమొక్క. విచ్చలవిడిగా త్రవ్వుటచే నశించిపోవుచున్నందున దాని వ్యాపారముపై అంతర్జాతీయముగా నిర్బంధములు విధింపబడినవి. ఈ రెంటికిని రూపమున గాని గుణమున గాని పోలిక లేదు.

మరి పే రొకటేల యైనది? గరుడుడు సర్పములకు శత్రువు. పాముకాటునకు విరుగుడని లోకము నమ్మిన మొక్క కెల్ల గరుడునిపేరు పెట్టుట మనవారి యాచారము. వేరు భూమిలోనికి దిగియుండుటచే పాతాళశబ్దము చేరినది. అనగా ఈ పేరు మొక్కకు గాక దాని యుపయోగమునకు పెట్టబడినది. ఒకే యుపయోగమునకు రెండు ప్రాంతములవారు రెండు మొక్కలను వాడినపుడు పేరు రెంటికిని సంక్రమించినది. పదముల చరిత్రలో ఇది సామాన్యమైన సంఘటన. వైద్యమున మాత్రము సామాన్యమని ఊరకుండజాలము. సర్పగంధివేరు నిద్రలేమికిని, ఉన్మాదమునకును ఉత్తరదేశమున చిరకాలముగా వాడుకలో నున్నది. 1931లో గణనాథసేన్, కార్తిక్‌చంద్ర బోస్ అనువారు రక్తపుపోటును తగ్గించు దాని గుణమును ప్రకటించిరి. అదే యేట ఢిల్లీలో సలీముజ్జమాన్ సిద్దిఖీ దాని క్షారములను వేరుచేసెను. బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ 1949లో బ్రిటిష్ వైద్యపత్రికలో వ్రాసిన వ్యాసముతో ఆ వేరు ప్రపంచప్రసిద్ధి గాంచినది. 1952లో స్విట్జర్లండునందలి సిబా సంస్థవారు దానినుండి రిసర్పిన్ అను ద్రవ్యమును తీసిరి. కొన్ని సంవత్సరములపాటు రక్తపుపోటునకును, మానసికవ్యాధులకును అది ప్రధానౌషధముగా నుండెను. తరువాత, తీసికొనినవారిలో కొందరు తీవ్రమైన విషాదమునకు లోనగుచున్నారని వైద్యులు వ్రాయుటయు, క్రొత్త మందులు వచ్చుటయు, దాని ప్రాబల్యము తగ్గుటయు సంభవించినవి.

ఇపు డొక రాత్రికాపరి, తెలుగు వైద్యగ్రంథమొకటి చూచి, నిద్రకు పాతాళగరుడివేరు మంచిదని తెలిసికొని, అంగడికి పోయినా డనుకొందము. అతనికి దూసరివేరు దొరికినచో పైకము మాత్రము వ్యర్థము. దూసరివేరు కోరినవానికి సర్పగంధి దొరికినచో, అతడు ఇదివరకే రక్తపుపోటునకు మాత్రలు మ్రింగువాడైనచో, జరుగునది వేరు. పోటు మిక్కిలి పడిపోయి తల తిరుగును. ఉక్కుకర్మాగారమున కొలిమిచెంత నిలిచినవానికి తల తిరుగుట యనగా నేమో చెప్ప నక్కరలేదు. మన పూర్వనిఘంటువులు ఇట్టి పదముల యెదుట ‘ఓషధివిశేషము’, ‘వృక్షవిశేషము’, ‘తీగవిశేషము’ అని వ్రాసి ముందునకు సాగినవి. కావ్యము చదువువానికి అది చాలును. మందు కొనువానికి చాలదు.

తగరము సంగతియు ఇట్టిదే. హిమాలయప్రాంతమున పెరుగు, నిద్రకై వాడబడు తగరము ఐరోపావారి వలేరియనునకు దగ్గరచుట్టము. మనవైపున నందివర్ధనమునకును తగరమను పేరు కలదు. తగిరిస యని చేనుగట్లపై మొలచు మరియొక మొక్క కలదు. పూజకు పూలు కోయు చెట్టును నిద్రమందని త్రవ్వినవారు ఉండకపోరు. అసలు వలేరియనుకైనను దీర్ఘకాలపు నిద్రలేమిలో చెప్పుకోదగిన ఫలము కనబడలేదని అమెరికా నిద్రావైద్యపరిషత్తు 2017లో తన సూచనలలో దానిని వాడవద్దని చెప్పినది. నిద్రగన్నేరు పేరులోని నిద్ర మనుష్యునిది కాదు, చెట్టుది. సాయంకాలమున ఆకులు ముడుచుకొనుటచే ఆ పేరు కలిగినది. దక్షిణామెరికానుండి వచ్చిన ఈ నీడచెట్టునకు మనవారు పెట్టిన పేరు ముచ్చటైనదే గాని, దానిలోని గన్నేరుపదమును చూచి ఎవరైనను నిజమైన గన్నేరును మందుగా తలచినచో ప్రాణాపాయము. గన్నేరు గుండెను ఆపు విషము.

హైదరాబాదునకు ప్రత్యేకమైన పేర్లు కొన్ని యూనానీవైద్యమునుండి వచ్చినవి. నిద్రలేమిని యూనానీవైద్యులు ‘సహర్’ అందురు. కాహూవిత్తుల నూనె, గుమ్మడివిత్తుల నూనె, ఏడువిధముల పప్పులనుండి తీసిన ‘రోగన్ లబూబ్ సబా’ అనునవి తలకు మర్దించుటకై చార్మినారు వద్దనే గాక కాటేదాను వాడలలోను అమ్ముడుపోవుచున్నవి. వీనిలో వేయి మాటల పరభాషావాసన యున్నను పని మాత్రము చరకుని శిరోభ్యంగమే. వీనిపై ఆక్షేపింప దగిన దేమియు మాకు కనబడలేదు.

గసగసాలమాట వేరు. పార్సీలో ఖష్‌ఖాష్, సంస్కృతమున ఖస్ఖస, తెలుగున గసగసలు. ఈ మొక్క కాయపాలే నల్లమందు. దానికి అభిని యనియు తెలుగున పేరు కలదు. అరబ్బీ అఫ్యూన్ దానికి మూలము, ఆ అరబ్బీమాటకు గ్రీకు మూలము. సంస్కృతపండితులు అఫ్యూనును ‘అహిఫేనము’ అని మార్చి, పాము నురుగని యర్థము కల్పించిరి. విషమైన వస్తువునకు తగిన యర్థమే కుదిరినది. 1805 ప్రాంతమున జర్మనీలో సెర్ట్యుర్నర్ దానినుండి వేరుచేసిన ద్రవ్యమునకు గ్రీకుల స్వప్నదేవతపేరు పెట్టి మార్ఫిన్ అనిరి. ఒకప్పుడు కూలికి పోవు తల్లులు శిశువులు ఏడువకుండ నిద్రించుటకై గోరంత నల్లమందు నాకించువారు. బొంబాయి మిల్లుకూలీలలో ఈ యాచారము ఇరువదవశతాబ్దమునను కొనసాగినది. ఎందరు శిశువులు ఆ నిద్రనుండి లేవలేదో లెక్క లేదు. నిద్రకును మత్తునకును నడుమ నున్న గీత ఎంత సన్ననిదో ఇందు తెలియగలదు. విత్తులలో మత్తు దాదాపు లేదు. మన కూరలలో వేయు గసగసలు నిర్దోషములు, 1985నాటి మాదకద్రవ్యముల చట్టమును వానిని విడిచిపెట్టినది. కాని శంషాబాదునుండి గల్ఫుదేశములకు పోవువారు ఒకమాట జ్ఞప్తియందుంచుకొనవలెను. యు.ఎ.ఇ., సౌదీ అరేబియాలలో గసగసలు నిషిద్ధములు. తల్లి ప్రేమతో మూటకట్టి యిచ్చిన మసాలాపొడి అచ్చట కారాగారవాసమునకు దారితీయగలదు. మన వంటింట మసాలాయైన పేరు ఆ దేశపు చట్టమున అభినిపేరుతో కలిసియున్నది.

ఎదురుదిశనుండి వచ్చు విమానములలో మెలటోనిన్ సీసాలు వచ్చుచున్నవి. అమెరికాలో నున్న కుమారులు, కుమార్తెలు తల్లిదండ్రులకు తెచ్చునవి. అమెరికాలో 1994నాటి చట్టముచే అది ఆహారపూరకముగా అమ్మబడుచున్నది. బ్రిటనులో వైద్యుని చీటి కావలెను. కెనడాలో శాస్త్రజ్ఞులు 31 రకముల సీసాలను పరీక్షించి 2017లో ప్రకటించిన ఫలితములనుబట్టి, సీసాపై వ్రాసినదానికంటె నూటికి 83 పాళ్లు తక్కువనుండి 478 పాళ్లు ఎక్కువవరకు ద్రవ్య మున్నది. ఇచ్చటను పేరు సరియైనదే. పేరు మోసిన సీసాలో వస్తువు ఎంత యున్నదో అమ్మువానికే తెలియదు.

ఇదంతయు ఒక యెత్తు, కల్లు ఒక యెత్తు. కాటేదానున నిద్రకై ఏమి వాడుదు రని మేము అడిగినపుడు మగవారిలో పలువురు సంకోచము లేక చెప్పినపేరు కల్లే. ‘చెట్టు మందు సార్, కెమికల్ గాదు’ అని ఒకరు సమర్థించిరి. తెలుగున మందు అను మాటకు ఔషధ మనియు, సారాయి యనియు, తుపాకిమందనియు, వశీకరణమునకై పెట్టునదనియు అర్థము లుండుట ఇట్టి సమర్థనమునకు తోడ్పడుచున్నది. తాటికల్లు, ఈతకల్లు ఉదయమున తియ్యగా నుండి, పొద్దెక్కినకొలది పులిసి, ఆ దినముననే చెడిపోవును. నగరమున వేలకొలది జనులకు ఏడాది పొడవున సరిపడు కల్లునిచ్చు చెట్లు చుట్టుపట్ల లేవు. లోటును పూరించునది నీరు, చక్కెర, శాకరిన్; మత్తును పూరించునవి క్లోరల్ హైడ్రేటు, డయాజిపాము, ఆల్ప్రాజొలాము. క్లోరల్ హైడ్రేటు 1832లో జర్మనీలో లీబిగ్ చేసినది. 1869లో లీబ్రైక్ దానిని నిద్రమందుగా ప్రవేశపెట్టెను. నూటయేబది సంవత్సరములనాటి పరదేశపు నిద్రమందు మన తాటిచెట్టు మాటున ఇంకను బ్రతికియున్నది.

2015 సెప్టెంబరులో ఆబ్కారీశాఖవారు కల్తీకల్లును అరికట్టబూనగా, నిజామాబాదు, మహబూబ్‌నగరు జిల్లాలలో వందలకొలది జనులు వణకుచు, మూర్ఛపోవుచు, పిచ్చిమాట లాడుచు ఆసుపత్రులకు వచ్చిరి. వారికి కలిగినది కల్లు లేని బాధ కాదు. ఎన్నడును తాము పేరైన విననట్టి మాత్రలు ఆగిపోయిన బాధ. పలు రాత్రులు వారికి కన్ను మూతపడలేదు. నిద్రకై త్రాగినది నిద్రనే హరించినది. 2025 జూలైలో కూకట్‌పల్లి ప్రాంతమున కల్తీకల్లు త్రాగినవారిలో పలువురు మరణించిరి. ఈ విషయమున పేదలను నిందించుట మాకు సమ్మతము కాదు. రాత్రియంతయు నిలువుకాళ్లపై పనిచేసి, పగటియెండలో రేకులక్రింద పడుకొనువాడు నిద్ర కోరినాడు, మత్తు అమ్మబడినది. రెంటిని వేరుచేయు మాట అతని భాషలోనే యున్నను, సీసాపై పేరే లేనపుడు ఏ మాట అతనిని కాపాడగలదు? ఆల్ప్రాజొలామునకు అలవాటుపడినవాడు ఒక్కసారిగా మానుట ప్రమాదకరము. వైద్యుని పర్యవేక్షణమున క్రమముగా తగ్గింపవలెను. ఇంతమాత్రము తెలియక ఇంటివారు గదిలో బంధించి మానిపింప యత్నించుటను మేము విని దుఃఖించితిమి.

చివరకు ఒక ఆకుకూర. చిక్లింతాకు నీటిగట్లపై నాలుగు రెక్కలతో పెరుగును. రాత్రివేళ ఆ రెక్కలు ముడుచుకొనును. సంస్కృతమున దానికి సునిషణ్ణక మని పేరు. చక్కగా కుదురుకొనినది యని అవయవార్థము. వంగదేశమున నిద్రకు మంచిదని ‘సుష్ని’ యను పేరుతో నేటికిని వండుకొందురు. ఆకు నిద్రించుటనుబట్టి తిన్నవాడును నిద్రించునని జనులు తలచిరో, తిని చూచి చెప్పిరో నిర్ణయించుట కష్టము. కూరగా తినుటవలన దోషము లేదు. అయితే దోషము వేరొకచో నున్నది. జాతీయ భూభౌతిక పరిశోధనసంస్థ శాస్త్రజ్ఞులు కాటేదాను నేలలను పరిశీలించి 2008లో ప్రకటించిన వ్యాసమున సీసము, క్రోమియము, ఆర్సెనిక్ మొదలగు లోహములు అచ్చట మితిమీరి యున్నవని చూపిరి. నూర్ మహమ్మద్ కుంట కర్మాగారముల మురుగుతో చెడినది. నీటిమొక్కలు, బీడునేలల మొక్కలు ఈ లోహములను వేళ్లతో పీల్చుకొనును. పెన్నేరు బీళ్లలోనే మొలచును. చిక్లింత కుంటగట్టుననే పెరుగును. ఊరక దొరకునవి గదా యని కోసికొనిపోవువారికి సరియైన మొక్కయే, సరియైన పేరుతోనే దొరకును. అయినను అది మందు కాదు.

ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో వ్యవసాయపదములతో మాండలికవృత్తిపదకోశమును ప్రారంభించినది. 1971లో చేనేతపదముల సంపుటము వెలువడినది. మూలికలు త్రవ్వువారి, అమ్మువారి పదములకును అట్టి సంపుట మొకటి కావలెనని మా కోరిక. అందు పాతాళగరుడి యను పదము రెండుమారులు రావలెను, వేరువేరు అంకెలతో. ఒకదాని క్రింద ఆకును నీటిలో నలిపిన ముద్దకట్టుననియు, రెండవదాని క్రింద రక్తపుపోటు మందులతో కలుపరాదనియు ఉండవలెను. పెన్నేరు క్రింద అస్గంధ్ అనియు, అస్గంధ్ క్రింద పెన్నేరు అనియు చూపవలెను. చిక్లింతాకు క్రింద అర్థముతోపాటు మొలచుచోటును వ్రాసి, కాటేదాను చుట్టుపట్ల కుంటలలో కోయరాదని చేర్చవలెను. నిఘంటువులలో ఇట్టి వాక్యములకు తావు లేదని సంపాదకులు అభ్యంతరము చెప్పుదురని మాకు తెలియును. వారితో వాదించుటకు మేము సిద్ధముగ నున్నాము.